'గివ్ అప్': వదిలెయ్యడమా, వదులుకోవడమా?

మా శాఖలో ఎం.ఏ. విద్యార్థులకు అనువాదం ఒక పేపరు. కొన్నేళ్ళ కిందట ఆ పేపరు కోసం ఒక చిన్న ఇంగ్లీషు పేరా రాసి ఇచ్చాను. తమిళనాట తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల గురించిన పేరా అది. అందులో ఒక వాక్యం సారాంశం ఇది: మూడో తరానికి వచ్చేసరికి ఆ కుటుంబాలలో చాలామంది తెలుగును 'గివ్ అప్' చేశారు. పేరాలో కష్టమైన మాట ఒక్కటీ ఉండకూడదని సాంకేతిక పదాలన్నీ ముందే ఏరి పారేశాను. తీరా జవాబు పత్రాలు దిద్దడానికి కూర్చుంటే సరిగ్గా ఆ తేలిక వాక్యం దగ్గరే కలం ఆగిపోయింది.

ఒకరు 'తెలుగు మానేశారు' అని రాశారు. ఒకరు 'వదిలేశారు' అన్నారు. ముగ్గురు 'వదులుకున్నారు' అన్నారు. పత్రికలు బాగా చదివే కుర్రవాడొకడు 'తెలుగుకు స్వస్తి పలికారు' అన్నాడు. ఒకమ్మాయి ఇంకా ముందుకు వెళ్ళి 'తెలుగుకు తిలోదకాలిచ్చారు' అని తేల్చేసింది. నిఘంటువు పక్కన పెట్టుకొని చూస్తే వీటిలో ఏదీ తప్పు కాదు. ఏ ఒక్కదానికీ మార్కు తగ్గించడానికి నాకు ఆధారం దొరకలేదు. అయినా ఈ వాక్యాలన్నీ ఒకే సంగతి చెబుతున్నాయని మాత్రం అనలేకపోయాను. మొదటి వాక్యంలో తెలుగు ఒక అలవాటు. రెండోదానిలో మూట. మూడోదానిలో ఆస్తి. చివరిదానిలో శవం. ఇంగ్లీషు వాక్యం ఒక్కటే. తెలుగులోకి వచ్చేసరికి ఆ కుటుంబాల మీద అయిదు రకాల తీర్పులు తయారయ్యాయి. ఆ తీర్పులు నేను అడగలేదు. అడగకపోయినా తెలుగు క్రియ చెప్పక మానదు. ఈ వ్యాసం ఆ విషయం గురించే.

ఇంగ్లీషులో ఒక మామూలు క్రియకు 'అప్', 'ఆఫ్', 'ఔట్' వంటి చిన్న మాట చేరి, రెండింటి విడి అర్థాలకూ అందని కొత్త అర్థం వచ్చే నిర్మాణాన్ని 'ఫ్రేజల్ వర్బ్' అంటారు. పదబంధ క్రియ అనుకుందాం. ఆ పేరు అచ్చులో కనిపించింది 1925లో, లోగన్ పియర్సాల్ స్మిత్ రాసిన 'వర్డ్స్ అండ్ ఇడియమ్స్' అనే పుస్తకంలో. పేరు సూచించినది ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువు సంపాదకులలో ఒకరైన హెన్రీ బ్రాడ్లీ అని స్మిత్ చెప్పుకున్నాడు. పేరు కొత్తదే కాని చిక్కు పాతది. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువు పీఠికలోనే, పరదేశీయులకు ఇంగ్లీషులో అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేవి ఇలాంటి జంటలేనని గుర్తించాడు. తరువాత 1971లో డ్వైట్ బోలింజర్ వీటి మీద ఒక పుస్తకమే రాశాడు.

మన దగ్గర ఈ విషయం పుస్తకాలలోకి వచ్చిన తీరు వేరు. 'ముప్పై రోజుల్లో ఇంగ్లీషు' తరహా పుస్తకాలలో, పోటీ పరీక్షల గైడ్లలో పదబంధ క్రియలు పట్టికలుగా ఉంటాయి. ఎడమవైపు 'గివ్ అప్', దాని పక్కన ఇంగ్లీషు పర్యాయపదాలు: క్విట్, స్టాప్, అబాండన్, సరెండర్, రిలింక్విష్, రినౌన్స్. కుడివైపు తెలుగు: మానుకొను, విడిచిపెట్టు, వదులుకొను, లొంగిపోవు. పిల్లలు బట్టీ పడతారు. పరీక్షలో ఖాళీలు పూరిస్తారు. మార్కులు వస్తాయి. పట్టికలో కామాలతో విడదీసిన మాటలు ఒకదాని స్థానంలో ఒకటి వాడుకోవచ్చునన్న అపోహ మాత్రం జీవితాంతం ఉండిపోతుంది. నా ఫిర్యాదు ఆ కామాల మీద. ఆ కామా ఒక్కొక్కటీ ఒక్కొక్క సూత్రాన్ని దాచిపెడుతున్నది.

ముందు తేలికవి తీసేద్దాం. పోలీసుల ఎదుటికి వచ్చి తనను తాను 'గివ్ అప్' చేసుకొన్నవాడు లొంగిపోయాడు; ఇందులో వివాదం లేదు. పొడుపు కథ విప్పలేక 'ఐ గివ్ అప్' అన్నవాడు మన పల్లెల్లో 'ఓడిపోయాను, నువ్వే చెప్పు' అంటాడు. బస్సులో ముసలాయనకు సీటు 'గివ్ అప్' చేసిన కుర్రవాడు తెలుగులో సీటు ఇచ్చాడు, అంతే. సీటు వదులుకున్నాడంటే వాడు ఎన్నికల్లో నిలబడ్డాడనుకుంటాం. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో ప్రాణం పోవడానికి 'గివ్ అప్' వాడిన ప్రసిద్ధమైన పలుకుబడి ఉంది. మనకూ ప్రాణాలు విడవడం ఉంది కనుక అక్కడ రెండు భాషలూ పక్కపక్కనే నడిచాయి. రోగి విషయంలో వైద్యులు 'గివ్ అప్' చేస్తే మనవాళ్ళు పెదవి విరిచారంటారు. అసలు పేచీ మాను, విడుచు, వదలు అనే మూడు ధాతువుల దగ్గర, వాటికి తోకలుగా వచ్చే వేయు, పెట్టు, కొను అనే సహాయక క్రియల దగ్గర మొదలవుతుంది.

'మాను' పనులకు, అలవాట్లకు మాత్రమే చెల్లుతుంది. సిగరెట్లు మానేశాడు, బడి మానేశాడు, పాలు తాగడం మానేశాడు. సిగరెట్టు వస్తువే కాని అక్కడ మన మనసులో ఉన్నది కాల్చడమనే పని. 'పొలం మానేశాడు' అనం. అంటే గింటే పొలం పనికి పోవడం మానేశాడనే అర్థం చేసుకుంటాం. గాయం మానడంలో ఉన్నదీ ఈ మానడమే కావచ్చు. సాగుతున్నది ఆగడం, అదీ దీని మూలార్థం. ఇంగ్లీషు 'గివ్ అప్' వస్తువును, పనిని, మనిషిని, ఆశను ఒకే గాటన కట్టేస్తుంది. తెలుగు మొదటి అడుగులోనే, నువ్వు అంటున్నది పనా, వస్తువా అని అడుగుతుంది.

రెండో ప్రశ్న ఇంకా పదునైనది. ఈ మూడు వాక్యాలు చూడండి. పోలీసులు దొంగను వదిలేశారు. పోలీసులు దొంగను వదిలిపెట్టారు. పోలీసులు దొంగను వదులుకున్నారు. మొదటిది వింటే పోలీసుల మీద కాస్త అనుమానం వస్తుంది; పట్టించుకోలేదనో, చేతులు తడిశాయనో. రెండోదానిలో ఆ వాసన లేదు, కట్టు విప్పి పంపారంతే. మూడోది వినగానే నవ్వు వస్తుంది. ఎందుకంటే ఆ వాక్యం నిజం కావాలంటే దొంగ పోలీసుల ఆస్తి అయి ఉండాలి. ధాతువు ఒక్కటే. మార్చినది తోక మాత్రమే.

'వేయు' అనే తోకను ఇంగ్లీషు 'అప్'తో పోల్చి చూడవచ్చు. ఈట్ అప్, డ్రింక్ అప్, యూజ్ అప్ అన్న చోట 'అప్'కు పైకి అనే అర్థం లేదు; పని పూర్తిగా అయిపోయిందని చెప్పడమే దాని పని. తినేశాడు, తాగేశాడు, వాడేశాడు అన్నప్పుడు మన 'వేయు' చేసే పనీ అదే. అక్కడ ఎవరూ దేన్నీ వెయ్యడం లేదు. అర్థం ఉన్న మాట అరిగి అరిగి వ్యాకరణమైపోవడం రెండు భాషల్లోనూ ఒక్క తీరుగా జరిగింది. భారతీయ భాషల్లో ఈ సంయుక్త క్రియల వ్యాప్తిని కాలిన్ మాసికా 1976లో తన దక్షిణాసియా భాషా ప్రాంత గ్రంథంలో పటాలు గీసి మరీ చూపించాడు. తెలుగు వరకు వస్తే భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ కలిసి 1985లో వెలువరించిన ఆధునిక తెలుగు వ్యాకరణం ఇప్పటికీ మనకు దారిదీపం. అయితే పోలిక ఇంతవరకే. ఇంగ్లీషు 'అప్' పని ముగిసిందని చెప్పి ఊరుకుంటుంది. మన 'వేయు' ముగించినవాడి మనఃస్థితి కూడా కొంత చెబుతుంది: భారం దించుకున్నట్లు, ఇక దాని గొడవ లేనట్లు. 'ఉద్యోగం వదిలేశాడు' అన్న వాక్యంలో ఒక విదిలింపు ఉంది.

'కొను' సంగతి పూర్తిగా వేరు. సంప్రదాయ వ్యాకరణం దీన్ని ఆత్మనేపదార్థకంగా చూసింది. చేసిన పని ఫలం చేసినవాడికే తిరిగి వస్తుందని దీని భావం: వండుకున్నాడు, రాసుకున్నాడు, దాచుకున్నాడు. ఫలం అనగానే మనకు లాభమే తోస్తుంది కాని, 'కొను'కు లాభనష్టాల పట్టింపు లేదు. కాలు విరగ్గొట్టుకున్నాడు, పరువు పోగొట్టుకున్నాడు. తగలవలసినవాడికి తగిలింది, అంతవరకే అది చెబుతుంది. కనుక 'వదులుకొను' అన్నప్పుడు మూడు సంగతులు ఒక్కసారే చెప్పినట్లవుతుంది. ఆ వస్తువు నీది. దాని మీద పట్టు సడలించినది నువ్వే. నష్టపోయినదీ నువ్వే. ఇంగ్లీషు 'గివ్ అప్'లో ఈ మూడూ ఉండవచ్చు, ఏ ఒక్కటీ లేకపోనూవచ్చు. సిగరెట్లు మానినవాడికి నష్టమేమిటి?

1942 నినాదాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. పట్టికల ప్రకారం 'క్విట్', 'గివ్ అప్' పర్యాయపదాలు. సిగరెట్ల విషయంలో నిజమే. కాని 'క్విట్ ఇండియా' బదులు 'గివ్ అప్ ఇండియా' అని ఉంటే ఏమయ్యేది? ఇండియాను వదులుకో అన్నట్లయ్యేది. వదులుకోవాలంటే అది ముందు వాడిదై ఉండాలి. ఒక్క మాట మారితే ఉద్యమం తెల్లవాడి యాజమాన్యాన్ని ఒప్పుకొని మొదలయ్యేది. మనం 'వదిలి వెళ్ళు' అన్నాం, 'వదులుకో' అనలేదు. ఈ రెండింటికీ మధ్య ఉన్నది ఒక్క తోక తేడా.

ఈ కాలపు ఉదాహరణ ఒకటి. 2015 మార్చిలో కేంద్ర ప్రభుత్వం వంటగ్యాసు సబ్సిడీ విషయమై 'గివ్ ఇట్ అప్' అనే ప్రచారం మొదలుపెట్టింది. స్తోమత ఉన్నవారు సబ్సిడీ మానుకుంటే ఆ సొమ్ముతో పేదలకు కనెక్షన్లు ఇస్తామన్నది దాని సారాంశం. ఏడాది తిరిగేసరికి అలా మానుకున్నవారు కోటి దాటారు. తెలుగులో దీన్ని 'రాయితీ వదులుకోండి' అన్నారు. సరైన అనువాదమే, రాయితీ నీకు వస్తున్నది, పోయేదీ నీకే. అయినా ఇంగ్లీషు మాటలో ఉన్న ఒక మెలిక ఇక్కడికి దిగలేదు. అక్కడ 'గివ్' అరిగిపోయిన మాటే అయినా, ఇవ్వడమనే భావం అడుగున మినుకుమంటూనే ఉంటుంది. ప్రచారం నడిచింది ఆ మినుకు మీదే. తెలుగు 'వదులుకో'లో ఇవ్వడం లేదు, పోవడం ఉంది. అందుకే మనవాళ్ళు దాని ముందు 'స్వచ్ఛందంగా' అనే మాట తగిలించవలసి వచ్చింది. పోనీ త్యాగం అందామా అంటే, నెలకో సిలిండరు మీద వచ్చే సబ్సిడీకి అది మరీ పెద్ద మాట. మన భాషలో వదులుకోవడానికీ త్యాగానికీ నడుమ ఉండవలసిన మెట్టు ఒకటి లేదని అప్పుడనిపించింది.

ఆ మెట్టు మన పొరుగిళ్ళల్లో ఉంది. తమిళంలో 'విట్టుక్కొడు', కన్నడంలో 'బిట్టుకొడు'. విడిచి ఇవ్వడం అని విడి అర్థం. తమిళులు పెళ్ళైన పిల్లలకు చెప్పే మొదటి హితవు ఇదే: కాస్త విట్టుక్కొడుత్తు పో అని. ఓడిపొమ్మని కాదు, లొంగిపొమ్మనీ కాదు. నీదైనదాన్ని ఎదుటివాడి కోసం నువ్వుగా విడిచి ఇవ్వమని. మన పెద్దలు ఆ చోట పట్టూ విడుపూ ఉండాలంటారు, లేదా సర్దుకుపొమ్మంటారు. పట్టువిడుపులు చక్కని మాటే కాని అది నామవాచకం, క్రియగా సాగదు. సర్దుకుపోవడంలో ఇచ్చే చెయ్యి కనిపించదు. చెన్నై తెలుగిళ్ళల్లో తెలుగు మాట్లాడుతూనే ఆ ఒక్క చోట తమిళ మాటను ఉన్నదున్నట్లు వాడేయడం నేను ఎన్నోసార్లు విన్నాను. అది సంకరం అని ముక్కు విరిచేవారున్నారు. నాకు మాత్రం ఎక్కడ చిల్లు ఉందో తెలిసినవాడు వేసుకున్న మాటు లాగా కనిపిస్తుంది. ఇంగ్లీషు 'గివ్ అప్'కు ఇవ్వడం, విడవడం రెండూ కలిసిన సజాతీయమైన మాట దక్షిణాదిలో ఉండగా మన నిఘంటుకారుల చూపు అటు ఎందుకు పోలేదో!

ఒకే మనిషి చేసిన ఒకే పనికి ఈ క్రియలు ఎంత భిన్నంగా రంగు వేస్తాయో చూడాలంటే టంగుటూరి ప్రకాశం గారి ఉదాహరణ చాలు. 1921లో ఆయన మద్రాసులో బాగా సాగుతున్న బారిస్టరు వృత్తిని 'గివ్ అప్' చేశారని ఇంగ్లీషులో రాస్తారు. తెలుగులో 'ప్రాక్టీసు మానేశారు' అంటే ఒక దినచర్య ఆగిపోయింది. కారణం అనారోగ్యమైనా కావచ్చు. 'ప్రాక్టీసు వదిలేశారు' అంటే విసుగు పుట్టింది. 'ప్రాక్టీసు వదులుకున్నారు' అంటేనే ఆయన పోగొట్టుకున్న రాబడి మన కళ్ళ ముందుకు వస్తుంది. 'వృత్తిని త్యజించారు' అంటే ఆయన మనిషి కాక పటం అయిపోతారు. జీవిత చరిత్రలు రాసేవారు చివరి మాట మీద ఎక్కువ మోజు పడతారు. నా ఓటు మూడోదానికి.

అదే ఏడాది చీరాల - పేరాల ప్రజలు మునిసిపాలిటీ పన్నులకు నిరసనగా దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వాన ఊరు ఖాళీ చేసి, రామనగరంలో గుడిసెలు వేసుకొని దాదాపు 11 నెలలు గడిపారు. వారు తమ ఇళ్ళను 'గివ్ అప్' చేశారని ఇంగ్లీషులో రాయడం తప్పు కాదు. దాన్ని 'ఇళ్ళు వదులుకున్నారు' అని తెలుగు చేస్తే మాత్రం చరిత్రే తప్పుతుంది. ఇళ్ళు వారివిగానే ఉన్నాయి, తిరిగి వచ్చాక అందులోనే ఉన్నారు. ఇళ్ళు విడిచి వెళ్ళారు. ఇక్కడ 'విడుచు'కూ 'వదులుకొను'కూ మధ్య తేడా శైలికి సంబంధించినది కాదు, ఆస్తి హక్కుకు సంబంధించినది. రిజిస్ట్రారు ఆఫీసులో హక్కు విడుదల దస్తావేజు రాయించుకున్న ఎవరిని అడిగినా ఈ తేడా చెబుతారు.

హక్కు మాట వచ్చింది కనుక మా ఊరి సంగతి చెప్పక తప్పదు. 1949 ఏప్రిల్‌లో జవహర్‌లాల్, వల్లభ్‌భాయి, పట్టాభి సీతారామయ్య గార్ల సంఘం తన నివేదికలో ఆంధ్ర రాష్ట్ర ఏర్పాటుకు ఒక దారి చూపించింది. మద్రాసు నగరం మీద ఆంధ్రులు తమ 'క్లెయిమ్'ను గివ్ అప్ చెయ్యాలన్నది ఆ దారిలోని షరతు. 1953 అక్టోబరు 1న రాష్ట్రం ఏర్పడేనాటికి రాజధాని కర్నూలయింది, మద్రాసు మిగిలిపోయింది. ఆ షరతులోని కర్మపదాన్ని గమనించండి. వదులుకోవలసినది నగరాన్ని కాదు, నగరం మీద క్లెయిమ్‌ను. క్లెయిమ్ అంటే నాదని చెప్పుకోవడం, నాదవడం కాదు. ఇంగ్లీషులో అది జాగ్రత్తగా ఏరుకొన్న మాట. తెలుగు జ్ఞాపకంలోకి వచ్చేసరికి ఆ మధ్య మాట జారిపోయి 'మద్రాసును వదులుకున్నాం' అయింది. నాకు తెలిసిన పెద్దవాళ్ళెవరూ క్లెయిమ్ వదులుకున్నాం అనలేదు. మద్రాసే వదులుకున్నాం అన్నారు.

ఇది అనువాద దోషమా? చాలాకాలం నేనలాగే అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. 'మద్రాసు మనదే' అన్నది అప్పటి నినాదం. వదులుకోవాలంటే ముందు తనదై ఉండాలని పైన చెప్పుకున్నాం. 'మద్రాసును వదులుకున్నాం' అనే వాక్యం ఆ నినాదం నిజమని ఒప్పుకున్నాకే వ్యాకరణబద్ధమవుతుంది. అంటే ఓడిపోయిన వాదం క్రియాపదంలోకి దిగి అక్కడ బతికిపోయింది. తమిళ మిత్రులు ఇదే సంగతిని తమ భాషలో చెప్పేటప్పుడు మద్రాసును నిలుపుకున్నామంటారు. వారి నిలుపుకోవడంలో ఉన్నదీ మన 'కొను'కు సోదరి అయిన 'కొళ్' అనే క్రియే. ఒక నగరానికి ఇద్దరు ఆత్మనేపదులు! అటూ ఇటూ ఉన్నవాళ్ళం కనుక రెండు వాక్యాలూ వింటూ, ఒకదాని వాళ్ళకు రెండోదాన్ని గట్టిగా అనువదించకుండా కాలక్షేపం చేస్తుంటాం.

ఇక పత్రికల వాడుకలు. స్వస్తి పలకడం, మంగళం పాడడం, తిలోదకాలివ్వడం, నీళ్ళొదులుకోవడం, కాడి పడేయడం, చేతులెత్తేయడం, అస్త్రసన్యాసం. ఎంత సంపద! పొలంలోంచి ఒకటి, యుద్ధరంగంలోంచి ఒకటి, కచేరీలోంచి ఒకటి, అపరకర్మలోంచి ఒకటి. కాడి పడేసినవాడు దున్నుతూ దున్నుతూ అలసినవాడు. వాడి మీద మనకు జాలి ఉంది. చేతులెత్తేసినవాడి మీద లేదు. తిలోదకాలిచ్చేవాడి ఎదుట ఉన్నది అప్పటికే పోయింది, లేదా పోయిందని వాడు తీర్మానించుకున్నాడు. ఇన్ని ఉండగా తలకట్టులో చోటు సరిపోయిందనో, అక్షరాల పొంతన కుదిరిందనో ఏదో ఒకటి తీసి అతికిస్తున్నారు. ఒక పథకానికి తిలోదకాలన్నప్పుడు ఆ పథకం బతికి ఉందా లేదా అని ఎవరూ చూడరు. పర్యాయపదాల పట్టికలు బడిలో నేర్పిన అజాగ్రత్త ఇక్కడ వృత్తిగా మారింది.

నిఘంటువుల పక్షాన ఒక్క మాట. జె.పి.ఎల్. గ్విన్ 1991లో వెలువరించిన తెలుగు - ఇంగ్లీషు నిఘంటువు వాడుకలోని పదబంధాలకు చోటిచ్చి మంచి దారి వేసింది. ఆ దారిలో ఎదురు దిక్కుగా, ఇంగ్లీషు నుంచి తెలుగులోకి నడిచే పని బాకీ ఉంది. 'గివ్ అప్' పక్కన అయిదు మాటలు పేర్చడం కాక, కర్మ పని అయితే ఇది, వస్తువు అయితే ఇది, నష్టం కర్తకే తగిలితే ఇది అని మూడు వాక్యాలు రాస్తే చాలు. స్థలం ఎక్కువ పట్టదు. ఆలోచన పడుతుంది.

ఇప్పుడు నా ప్రశ్నపత్రంలోని వాక్యం దగ్గరకు వస్తాను. 2011 జనగణనలో తెలుగును మాతృభాషగా చెప్పుకున్నవారు తమిళనాడులో సుమారు 42 లక్షలు, కర్ణాటకలో సుమారు 35 లక్షలు. వీరుకాక ఇంటిపేరు తెలుగై, ఇంటిమాట తెలుగు కానివారు ఎందరో. వీరి గురించి రాసే వ్యాసాలలో, ఉపన్యాసాలలో, నాతో సహా అందరం ఇంగ్లీషులో 'గివ్ అప్' అంటున్నాం. దాన్నే తెలుగులో 'వదిలేశారు' అంటున్నాం. మహాసభల వేదికల మీద ఆ వదిలేశారులో ఒక దెప్పు ఉంటుంది. వాళ్ళు విదిలించుకు పోయారన్నట్లు. ఎవరు విదిలించారు? 2006లో తమిళనాడులో వచ్చిన చట్టం పదో తరగతి దాకా తమిళం చదవడాన్ని దశలవారీగా తప్పనిసరి చేసింది. అప్పటిదాకా తెలుగును మొదటి భాషగా చదువుతూ వచ్చిన పిల్లవాడి విషయంలో వదిలేశాడన్న క్రియ ఎలా పొసగుతుంది? వదులుకోవలసి వచ్చిందంటే కొంత నయం. అసలు తండ్రి కాలానికే ఇంట్లో తెలుగు లేకపోతే, కొడుకు వదులుకోవడానికి అతని దగ్గర ఏముంది? తనది కానిదాన్ని వదులుకోవడం వ్యాకరణం ఒప్పుకోదని పైన ఇంతసేపు వాదించినవాణ్ణి నేనే. ఆ వాదన నా పేరాకు కూడా వర్తిస్తుంది. నేను రాసిన ఇంగ్లీషు వాక్యంలోనే తప్పుంది. 'గివ్ అప్' తనకొక కర్త కావాలంటుంది, నేను ఆ కుటుంబాలను తెచ్చి అక్కడ కూర్చోబెట్టాను.

జవాబు పత్రాలలో ఒకటి గురించి ఇంకా చెప్పలేదు. హోసూరు వైపు నుంచి వచ్చిన విద్యార్థిని రాసినది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, సంతలో కన్నడం కూడా వినే ప్రాంతం అది. విడిచిపెట్టును ఇడిసిపెట్టు అనే మాట అక్కడి పెద్దవాళ్ళ నోట నేనే విన్నాను. ఆ అమ్మాయి వాక్యంలో మానడం లేదు, విడవడం లేదు, వదలడం లేదు. 'మూడో తరానికి ఆ ఇళ్ళల్లో చాలామందికి తెలుగు పోయింది' అని రాసింది. కర్త స్థానంలో ఉన్న మనుషులను తీసి 'కు' విభక్తిలో కూర్చోబెట్టింది. కర్తగా తెలుగును నిలబెట్టింది. మాకు చూపు పోయింది, మాకు పొలం పోయింది అన్న తీరులోనే. పోయినది వారికే తగిలింది, కాని పోగొట్టినది వారేనని ఆ వాక్యం అనదు. వారు కాదనీ అనదు.

మూలంలో ఉన్న క్రియను మార్చేసింది కనుక అనువాదం పేపరులో నియమం ప్రకారం అరమార్కు తగ్గించాలి. తగ్గించలేదు. మరుసటి ఏడాది పేరాలో ఇంగ్లీషు వాక్యాన్ని మార్చాను.